నత్త బరువు పదకొండు

ఆ ఉదయం కాకినాడలో కాఫీలు చల్లారిపోయాయి. ఊరంతా చేతిలోని పేకముక్కల వంకే నోరు తెరుచుకుని చూస్తోంది. ఏనుగుకి తొమ్మిది, పులికి ఏడు, నత్తకి మాత్రం పదకొండు!

ప్రతి ముక్క మూలలోనూ వెలిగే ఆ అంకె దాని బరువు. రోజూ మారుతుంది కనుక మారుటంకె అంటారు. ఊళ్ళో జరిగిన ఆటలన్నీ చూసి, ఏ ముక్క ఎంతగా గెలిపిస్తోందో తేల్చి, తెల్లవారేసరికి ఆ అంకెను దిద్దేది తూకయంత్రం. ఒక్కొక్కరు ఎంచుకునే కట్టలోని ముక్కల బరువంతా కలిపి పది దాటకూడదు. వెనకటికి ఏనుగు ఎవరి చేతిలో పడితే వాళ్ళదే ఆట, మిగతావాళ్ళు ఉత్తినే కూర్చునేవారు. ఇప్పుడు ఏనుగు కావాలంటే మిగతా కట్టంతా బరువే లేని ఈగలూ దోమలతో నింపుకోవలసిందే. ఈ న్యాయం జనానికి ఎంత నచ్చిందంటే, వీధిలో ఎవరి పెళ్ళిపందిరి ముందు వెయ్యాలన్న తగాదాలు కూడా ఆటతోనే తేల్చుకుంటున్నారు. ఓడినవాళ్ళు గొణగరు. నిజంగా మెచ్చుకోవలసిన యంత్రం.

దానికి పైన మనిషి ఒకరుంటారు. తూకదారు వైజయంతి. అంకె తప్పనిపిస్తే చేత్తో మార్చే అధికారం ఆమెది. అయితే మార్చినందుకు కారణం చెప్పాలి, అది ఊళ్ళో ప్రతి ముక్క మీదా కనిపిస్తుంది. గుట్టుగా మార్చడం కుదరదు.

నత్త గెలిచిన ఆటలన్నీ ఆమె తిరిగి వేసి చూసింది. అన్నీ ఒక్కరివే, కాశీపతి మాస్టారివి. పది బరువు నియమం పెట్టింది ఆయనే, నత్త ముక్కను గీసిందీ ఆయనే, వైజయంతికి ఆట నేర్పిందీ ఆయనే. ఇప్పుడాయనకి మతిమరుపు. భోజనం చేసిన సంగతి గుర్తుండదు. మధ్యాహ్నాలు దొరబాబు టీ కొట్లో కూర్చుని ఆడుకోవడమొక్కటే ఆయనకు మిగిలిన సరదా.

ఒక ఆటలో దొరబాబు చేతిలో ఏనుగుంది. దాన్ని దాచుకుని దోమను దించాడు. ఇంకో ఆటలో మాస్టారి పాత ప్రత్యర్థి ఒకాయన గెలిచే ముక్కను పారేసుకున్నాడు. ఆపై ఆటలో పులిని కావాలని అట్టేపెట్టుకున్న చేతిని వైజయంతి వెంటనే గుర్తుపట్టింది. ఆ చెయ్యి తనదే.

ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. తానొక్కరే ఇలా ఓడిపోతున్నానని ప్రతివాళ్ళూ అనుకున్నారు. యంత్రం ఆ ఓటములన్నీ నిక్కచ్చిగా లెక్కవేసి నత్త ఖాతాలో కలిపేసింది. తన ఊరివాళ్ళ మీద వైజయంతికి ఎంత ముద్దొచ్చిందో, అంత దిగులూ కమ్మింది. అంకె ఇలాగే వదిలేస్తే నత్త ఏ కట్టలోనూ పట్టదు, మాస్టారి ఆట ఆగిపోతుంది. మారిస్తే కారణం ఆయన చేతిలోని ముక్క మీద కూడా పడుతుంది.

ఏం చెయ్యాలో తోచకుండానే టీ కొట్టుకి వెళ్ళింది.

"రా అమ్మాయ్," అన్నాడు కాశీపతి, నత్తను తిప్పి చూస్తూ. "దీనికి పదకొండట."

"చూశానండి మాస్టారూ."

"తన వంతు మూడుసార్లు వచ్చేదాకా నిద్రపోయి లేచే ముక్క ఇది. మహా అయితే రెండుంటుంది బరువు. మన యంత్రం తప్పు చెప్పదు. బలం ముక్కది కాకపోతే ఆడేవాడిదవ్వాలి. దీన్ని ఆడేది నేనొక్కణ్ణే. ఆ బలం నాదా? పొద్దున్న ఏం తిన్నానో అడుగు, చెప్పలేను." ఆయన దొరబాబు వైపు తిరిగాడు. దొరబాబు గబుక్కున పాలగిన్నె మీదికి వంగాడు. "అయితే నన్ను ఆటలో అరటిపండుని చేశారన్నమాట."

"అబ్బే, అదేం లేదండీ... పెద్దోరు కదాని..." దొరబాబు నీళ్ళు నమిలాడు.

"నువ్వూనా అమ్మాయ్?"

"నేనూనండి."

ఆయన నత్తను బల్ల మీద పెట్టాడు. "అంకె మార్చు. కారణం ఉన్నదున్నట్టు రాయి" అన్నాడు.

వైజయంతి రాసింది. ఊళ్ళో ప్రతి ముక్క మీదా ఒక్క వాక్యం వెలిగింది: 'ఆడినవాళ్ళు గెలవాలనుకోలేదు.' ఇళ్ళలో, ఆఫీసుల్లో చాలామంది అది చదివి తలదించుకున్నారు. తామొక్కరమే కాదని అప్పుడు తెలిసింది వాళ్ళకి. నత్త బరువు రెండుకి దిగింది.

"ఇక పంచు," అన్నాడు కాశీపతి.

ఈసారి ఆమె దాచుకోలేదు. నత్త నిద్ర లేవకముందే ఏనుగును దించింది. ఆట ముగిసింది. ఆయన ముక్కలను తేరిపార చూశాడు. ముఖం మెల్లగా విప్పారింది.

"ఎంత బాగా ఆడావే! ఇది నేను నేర్పిందేనా?"

"మీరు నేర్పిందేనండి."

"బావుంది. విను. రేపటికి ఇదంతా మర్చిపోతాను. ఓడితే నీమీద కోప్పడతాను. అయినా సరే, నన్ను ఉత్తినే గెలవనివ్వకు. మాటివ్వు."

ఆమె మాటిచ్చింది. ఆ మాట నిలబెట్టుకోవడం ఎంత కష్టమో అప్పటికింకా తెలియదు.

మర్నాడు మాస్టారు ఉత్సాహంగా వచ్చి కూర్చున్నాడు. ఓడిపోయాడు. చేతిలోని ముక్కలు బల్ల మీద విసిరేశాడు.

"ఏంటమ్మాయ్, పెద్దవాణ్ణని కూడా చూడవా? నీకు ఆట నేర్పింది ఇందుకేనా?"

ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. దొరబాబు టీ తెచ్చి పెట్టి, ఇంక చాలన్నట్టు ఆమె వంక జాలిగా చూశాడు.

"ఇంకో ఆట ఆడదామండి మాస్టారూ," అంటూ వైజయంతి ముక్కలు కలిపి పంచింది. మళ్ళీ ఓడించింది.