మూతపడని వాకిళ్ళు

జాన్ బాషాను ఎవరూ చంపలేదు. చంపినా అంత భయం వేసేది కాదు.

తాడేపల్లి గెస్ట్‌హౌస్ గదిలో, కృష్ణ వైపు కిటికీ పక్కన, చెంచా చేతిలో పట్టుకుని అదేమిటో తెలియనట్టు చూస్తూ కూర్చున్నాడు. ఆరేళ్ళు షబ్బీర్‌తో కలిసి పనిచేసిన ఏజెంట్. షబ్బీర్ తన పేరు చెబితే మర్యాదగా తలూపాడు. సొంత కూతురి ఫోటో చూపిస్తే, "ఎవరి పాప? బాగుంది," అన్నాడు.

షబ్బీర్ ఫోటో తిరిగి జేబులో పెట్టుకున్నాడు.

చీఫ్ రామాంజనేయులు తలుపు మూసి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. నరాల కణం లోపల కాల్షియం బయటకంటే పదివేల రెట్లు తక్కువగా ఉండాలట. కబురు అందినప్పుడు కణం పొరలోని వాకిలి తెరుచుకుంటుంది, చిటికెడు కాల్షియం లోపలికి వస్తుంది, పని కాగానే పంపులు దాన్ని బయటికి తోడేస్తాయి. అల్జీమర్స్ లాంటి జబ్బుల్లో ఈ కట్టుబాటు ఏళ్ళ తరబడి మెల్లగా సడలుతుందని డాక్టర్ల అనుమానం. విదేశీ ముఠా ఒకటి, కోడ్‌నేమ్ 'గేట్', ఆ వాకిళ్ళను మూతపడకుండా చేసే మందు తయారుచేసింది. కాల్షియం వరదలా చొరబడి, కణం లోపల్నించే కుళ్ళిపోతుంది. ఏళ్ళ పని వారాల్లో అయిపోతుంది.

"అమ్ముకునే ముందు మనుషుల మీద పరీక్ష చెయ్యాలిగా," అన్నాడు చీఫ్. "అమరావతి రోడ్డులో ఒక మిరప కల్లాన్ని ఎంచుకున్నారు. కాయల మీద చల్లే నీళ్ళలో కలుపుతారు. కారానికి పగిలిన చేతులు, మందు నేరుగా నెత్తుట్లోకి. బాషా కనిపెట్టి పంపింది ఇంతవరకే, ఆలోపే ఆ మందు అతనికే ఎక్కించారు."

"కల్లంలో ఎంతమంది?"

"అరవై మంది ఆడవాళ్ళు."

షబ్బీర్ మిర్చి కొనుగోలుదారు గుమాస్తా వేషం వేశాడు. తోడుగా ఢిల్లీ ల్యాబ్ నుంచి వచ్చిన అధికారిణి భవ్య. నల్ల కళ్ళద్దాలు, సిల్కు చీర, కంపెనీ యజమానురాలి దర్జా. తనది ఈ పక్క పల్లేనని, కల్లంలోనే పెరిగానని దారంతా కబుర్లు చెప్పింది. వాళ్ళ నాన్న కాయ విరిచి వాసన చూసి ధర చెప్పేవాడట.

2004 మార్చి. ఎర్రటి కుప్పల మధ్య ఆడవాళ్ళు ముఖాలకు గుడ్డలు కట్టుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. మేస్త్రీ పున్నమ్మ షబ్బీర్‌ను ఎగాదిగా చూసింది.

"ఏవయ్యా గుమాస్తా, చొక్కా నలగకుండా బేరం చేద్దామనా? చెయ్యి పెట్టి చూడు, కరవదులే."

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. షబ్బీర్ కూడా నవ్వి, శాంపిల్ సంచి నింపుకున్నాడు. వాళ్ళ చేతులు చూశాడు. వేళ్ళ సందుల్లో చర్మం నెర్రెలిచ్చి ఉంది. ఆ నవ్వుతున్న అరవై ముఖాలూ చెంచా వైపు వెర్రిగా చూస్తున్నట్టు ఒక్క క్షణం అనిపించింది.

అనుమానించదగ్గ డ్రమ్ము ఎక్కడా లేదు. భవ్య అతన్ని పక్కకు పిలిచి, సరుకు రేపు మధ్యాహ్నం నీళ్ళు చల్లే వేళకు వస్తుందని, టీమ్‌తో వచ్చి ముఠాను మొత్తంగా పట్టుకుందామని చెప్పింది. ల్యాబ్‌కు అందిన సమాచారమంది. తనకంటే పై అధికారి, మాట కాదనలేడు. జీపు గుంటూరు వైపు తిరిగింది.

కొంత దూరం పోయాక ఒక ట్రాలీ ఆటో ఎదురొచ్చింది. వెనక నీలం డ్రమ్ము. కల్లం వైపే పోతోంది.

"పురుగుమందు అయ్యుంటుంది, ఆపకండి," అంది భవ్య.

షబ్బీర్ వేగం తగ్గించాడు. "మీ ఇంట్లో కూడా నీళ్ళు మధ్యాహ్నమే చల్లేవారా, మేడమ్?"

"అవును. ఎండ బాగా కాసినప్పుడే. నాన్న నాతోనే చల్లించేవాడు."

షబ్బీర్ అద్దంలో వెనక్కి పోతున్న డ్రమ్మును చూశాడు. అతని సర్వీసు ఫైల్లో సొంతూరు హైదరాబాద్ అని ఉంటుంది. వేసవులన్నీ నాయనమ్మ జానీబీతో కల్లాల్లో గడిచాయని ఏ ఫైల్లోనూ ఉండదు. ఇక్కడ నీళ్ళు పొద్దు వాలాకే చల్లుతారు. రాత్రంతా టార్పాలిన్ పట్టా కింద కాయ మెత్తబడితేనే తెల్లారి బస్తాల్లో తొక్కగలరు. మిట్టమధ్యాహ్నం చల్లితే నీళ్ళు ఆవిరైపోతాయి, కాయ గలగలా పొడైపోతుంది. కల్లంలో పెరిగిన పసిపిల్లకైనా తెలుసు.

పొద్దు వాలుతోంది.

స్టీరింగ్ గిరుక్కున కల్లం వైపు తిప్పాడు. భవ్య లిప్‌స్టిక్ తీసింది. మూత కింద రంగు లేదు, సన్నటి తుపాకీ గొట్టం ఉంది.

"జీపు ఆపండి షబ్బీర్ గారూ. బాషా కూడా ఇలాగే తొందరపడ్డాడు."

అతను ఆపాడు, రెండు కాళ్ళతో బ్రేకు తొక్కి. ఆమె డాష్‌బోర్డుకు కొట్టుకుంది, కళ్ళద్దాలు ఎగిరిపోయాయి, గుండు పైకప్పులోంచి దూసుకుపోయింది. ఆ లోపే అతను శాంపిల్ కాయలు గుప్పెడు నలిపి ఆమె ముఖాన కొట్టాడు. గింజలు, పొడి జీపంతా ఎగిశాయి. కారమూ నరాల వాకిళ్ళనే తెరుస్తుంది, కాల్షియాన్నే లోపలికి తోస్తుంది. కాకపోతే కాసేపటికి మూతపడనిస్తుంది. ఆమె రెండు చేతులా కళ్ళు నులుముకుంది. కారం చేత్తో కన్ను ముట్టొద్దన్న నాయనమ్మ బుద్ధులు చెవిలో మోగుతుంటే షబ్బీర్ మాత్రం తన కళ్ళు ముట్టుకోలేదు. ఆమె చేతులు సీటుకు కట్టేసి, నీళ్ళు కారుతున్న కళ్ళతో, రోడ్డు రెండుగా కనిపిస్తుంటే నడిపాడు.

కల్లంలో డ్రమ్ము మూత తీసి ఉంది. పక్కన కంపెనీ టోపీ పెట్టుకున్నవాడు, కాయకు రంగు నిలిపే మందని చెబుతున్నాడు. పున్నమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని, చెంబు పట్టుకుని డ్రమ్ములోకి వంగింది. ఇంకో జానెడు వంగితే నీళ్ళు చేతికి తగులుతాయి.

"చెయ్యి పెట్టకు పిన్నీ," అన్నాడు పరుగున వచ్చిన షబ్బీర్.

"పొద్దు గూకుతుంటే చల్లొద్దంటావేం? తాగొచ్చావా?"

"ఆ నీళ్ళు తగిలితే నీ బిడ్డల పేర్లు నువ్వే మర్చిపోతావు."

ఆమె అతని కళ్ళలోకి చూసింది. చెంబు మెల్లగా కింద పెట్టింది. టోపీవాడు పరుగెత్తబోయాడు గానీ, అరవై మందిని దాటుకుని పోవడం అంత తేలిక కాదు. మిరపకుప్పలో బోర్లా పడేసి పైన నలుగురు కూర్చున్నారు.

షబ్బీర్ చీఫ్‌కు ఫోన్ చేశాడు. డ్రమ్ము సీల్ చేశాననీ, ఎవరికీ ఒక్క చుక్క కూడా తగల్లేదనీ చెప్పాడు. బాషా సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

"భవ్య ఏమంటోంది?" అడిగాడు చీఫ్.

షబ్బీర్ జీపు వైపు చూశాడు.

"ఆపకుండా ఏడుస్తోంది సార్. రిపోర్టులో పశ్చాత్తాపం అని మాత్రం రాయకండి."