వెళ్లొస్తానని అనని పిల్ల

కూతురు తన ప్రాణం తానే తీసుకుంటుందేమోనన్నది ఇప్పుడు మంజుకి అన్నిటికంటే పెద్ద భయం. మొన్నటిదాకా ఆమెకి సముద్రమొక్కటే భయం.

ఆ పొద్దున అండమాన్‌లోని హోప్ టౌన్‌లో ఎప్పట్లాగే తెల్లారింది. మొగుడు చేపల వేటకెళ్లాడు. తొమ్మిదో క్లాసు చదివే కావేరి గుమ్మంలో నిలబడి, "అమ్మా, వెళ్తాను" అంది.

"వెళ్లొస్తాననాలే! హిందీ బడికెళ్లి తెలుగు మర్చిపోతున్నావు" అని మంజు నవ్వింది. వారం నుంచీ అదే మాట, అదే నవ్వు.

మధ్యాహ్నం స్కూలు నుంచి ఫోనొచ్చింది. అత్త గురమ్మని వెంటబెట్టుకుని పరిగెత్తింది. టీచరు సాయిలక్ష్మి పక్కన కావేరి తల దించుకుని కూర్చుంది.

"దీదీ, కావేరి తన రంగు పెన్సిళ్లూ రిబ్బన్లూ అందరికీ పంచేసి, 'వెళ్తాను మేడమ్' అంది. నేను తెలుగుదాన్ని కదా, 'వెళ్లొస్తాననవేం?' అనడిగాను. ఏడ్చింది. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగాను. అవునంది."

మంజు కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "అలా అడగొచ్చా మేడమ్? లేని ఆలోచన పుట్టదా?"

"పుట్టదు దీదీ. అడగబట్టే చెప్పింది. కౌన్సిలర్ మాట్లాడారు. రేపు డాక్టరుకి చూపిద్దాం. అందాకా ఒంటరిగా వదలొద్దు."

"ఓలమ్మో! తిండికి లోటా, బట్టకి లోటా? ఏటి తక్కువ చేశామే నీకు?" గురమ్మ గయ్యిమంది.

కావేరి తలెత్తింది. "సునామీ రోజు తమ్ముడి చెయ్యి వదిలేశానని రోజూ అంటావు కదా, నానమ్మా."

తమ్ముణ్ణి కెరటం లాక్కెళ్లేనాటికి కావేరికి ఆరేళ్లు. ఆ మాట వంటింట్లో వినీ వినీ మంజు చెవులు మొద్దుబారిపోయాయి. పిల్ల చెవులు మొద్దుబారలేదు.

గురమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మెల్లగా వంగి మనవరాలి చెయ్యి అందుకుంది. "ఆ నీళ్లకి పడవలే ఆగలేదే, తల్లీ. ఆరేళ్ల చెయ్యెంత! నా నోరు పడిపోను..." నానమ్మ ఏడవడం కావేరి ఎప్పుడూ చూడలేదు. చెయ్యి లాక్కోలేదు.

డాక్టరుకి చూపించాక, మళ్లీ బడికెళ్లే రోజున కావేరి గుమ్మంలో "అమ్మా, వెళ్..." అని ఆగిపోయింది. మంజు దిద్దలేదు. చెప్పులేసుకుని తోడెళ్లింది.

స్కూలు గేటు దగ్గర కావేరి వెనక్కి తిరిగింది. "సాయంత్రం వస్తావుగా?"

"ముందే వచ్చి నిలబడతానే."

మీ ఇంట్లోనూ ఎవరైనా మాట సగంలో మింగేస్తున్నారేమో. ఇది పక్కన పెట్టి ఒక్కసారి వాళ్ల దగ్గరికెళ్లండి. కూర్చోండి. అడగండి.