మధ్యాహ్నపు వాయిదా

"మీ సాఫ్ట్‌వేర్ మా హీరోయిన్‌ని ప్రశాంతంగా చావనివ్వలేదండీ."

ఫోనులో ఆడగొంతు. మనవాడు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"అర్థం కాలేదు మేడమ్."

"చూపులేని వాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేస్తాను. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్తేనే మా బిల్డింగ్‌లో చప్పుడు ఆగుతుంది. సరిగ్గా అప్పుడే మీ బ్యాకప్ మొదలవుతుంది. కథలో హీరోయిన్ ఆఖరి మాట చెబుతుంటే పక్కన నా కంప్యూటర్ గుర్రు పెట్టింది."

మనవాడికి నవ్వొచ్చింది. చాలా కాలానికి వచ్చిన నవ్వు కావడంతో ఆపుకోవడం చేతకాలేదు.

"నవ్వుతున్నారా?"

"లేదండీ, దగ్గు."

"దగ్గు ఎలా ఉంటుందో నాకు తెలుసు. రోజూ రికార్డింగుల్లోంచి కత్తిరించి పారేస్తుంటాను."

ఇదీ తొలి పరిచయం. చూపులు కలవలేదు, వాన కురవలేదు. ఫిర్యాదుతో మొదలైంది.

నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్లన్నిటి ఫైళ్లనూ రోజూ ఒకచోట భద్రంగా కాపీ చేసే ఆ సాఫ్ట్‌వేర్‌ని ఒకప్పుడు పెద్ద టీమే చూసుకునేది. అందరూ పై అంతస్తులో కొత్త ప్రాజెక్టుకి వెళ్లిపోయారు. వెనక గదిలో, సర్వర్ల హోరులో, మనవాడొక్కడే మిగిలాడు. కొన్ని రోజులు సాయంత్రం దాకా నోరు విప్పాల్సిన అవసరమే వచ్చేది కాదు. మధ్యాహ్నం డబ్బా తెరిచి, గోడకేసి చూస్తూ తినేవాడు. ఏం తిన్నావని అడిగితే చెప్పలేకపోయేవాడు.

తను చదువుతున్నప్పుడు బ్యాకప్ ఆగాలన్న కథల అమ్మాయి కోరిక చిన్నదే గాని, దానికోసం సాఫ్ట్‌వేర్ స్వభావమే మార్చాల్సి వచ్చింది. అంతవరకూ అది వేళ కాగానే తలుపు కొట్టకుండా లోపలికి జొరబడే చుట్టం. ఇక మీదట మొదలుపెట్టబోయే ముందు, ముగించాక, ఏదైనా తేడా వచ్చినప్పుడు, ఆగి ఓ చిన్న స్క్రిప్టుని, అంటే కంప్యూటర్‌కి రాసిపెట్టే నాలుగు లైన్ల ఆదేశాల చీటీని, అడగాలి. స్క్రిప్టు వద్దంటే బుద్ధిగా వెనక్కెళ్లి, కాసేపాగి మళ్లీ రావాలి. ఆ స్క్రిప్టు ఎవరికి కావలసినట్టు వాళ్లు రాసుకోవచ్చు.

"నాకు రాయడం రాదండీ, చదవడమే వచ్చు," అంది ఆమె.

"చదవడం వస్తే సగం వచ్చినట్టే," అన్నాడు మనవాడు. మొదటి స్క్రిప్టు తనే రాసి పంపాడు. రికార్డింగ్ ప్రోగ్రామ్ తెరిచి ఉంటే బ్యాకప్‌ని ఆపమని అందులో ఉంది. పనిచేస్తోందో లేదో తెలియాలి కదా అని, ఆపినప్పుడల్లా తనకో మెసేజ్ వచ్చేలా ఇంకో లైను చేర్చాడు.

మర్నాడు డబ్బా మూత తీస్తుండగా మెసేజ్ వచ్చింది. "వాయిదా. రికార్డింగ్ నడుస్తోంది."

పరీక్ష నెగ్గింది. ఆ లైను తీసెయ్యాలి. రేపు తీసేద్దాంలే అనుకున్నాడు. ఆ రేపు రాలేదు. మెసేజ్ మాత్రం రోజూ వచ్చింది. అది చూశాకే మొదటి ముద్ద నోట్లో పెట్టుకోవడం అలవాటైపోయింది. ఎక్కడో ఒక గదిలో ఒక మనిషి తనలాగే ఒంటరిగా ఉందన్న కబురు అది.

"ఎవరితో తింటున్నావురా, ఈమధ్య హుషారుగా ఉన్నావు?" అని ఫోనులో అక్క అడిగింది.

"బ్యాకప్‌తో."

"నీకు ముదిరింది," అని అక్క ఫోను పెట్టేసింది.

ఇంతలో పెద్దాయన, అంటే మేనేజరు, గుమ్మంలోంచే చెప్పి వెళ్లిపోయాడు. "రేపు కొత్త వెర్షన్ రిలీజ్. టెస్టుకి పెట్టుకున్నవన్నీ పీకెయ్."

మనవాడికి ఆ లైను గుర్తొచ్చింది. నోరు మూసుకుని ఆ లైను తీసేస్తే ఎవరికీ తెలియదు, రేపటి నుంచి మళ్లీ గోడే దిక్కు. చెబితే, ఇన్నాళ్లూ నా మీద నిఘా పెట్టావా అని ఛీ కొడుతుందేమో. సాయంత్రం దాకా కొట్టుమిట్టాడి, ఫోను చేశాడు.

"మీ స్క్రిప్టులో నా లైను ఒకటి ఉండిపోయిందండీ. మీరు చదువుతున్నప్పుడల్లా నాకు తెలుస్తుంది. పరీక్ష ఎప్పుడో అయిపోయింది. నేనే తీయలేదు."

"ఎందుకు తీయలేదు?"

"అది వస్తే, ఎవరో తోడున్నట్టు తినేవాణ్ణి. తప్పే. క్షమించండి."

 

"చదవడం వస్తే సగం వచ్చినట్టేనని మీరే అన్నారుగా," అంది ఆమె. "ఆ లైను నేను ఎప్పుడో చదివాను."

"మరి?"

"ఆ పుస్తకం అయిపోయింది. కొత్తది ఇంకా రాలేదు. అయినా మధ్యాహ్నం ఆ ప్రోగ్రామ్ ఖాళీగా తెరిచిపెట్టి, నా డబ్బా విప్పుతున్నాను. రోజంతా మాట్లాడతానండీ, ఎవరితోనూ కాదు. మీకు ఒక్క ముక్క వెళ్తుందని తెలిస్తే..." ఆగింది. "లైను తీసెయ్యండి. రేపు డబ్బా తీసుకుని ఇక్కడికే రండి."

వెళ్లాడు. గది తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. సాఫ్ట్‌వేర్‌కి తను నేర్పిన మర్యాదే కదా, లోపలికి జొరబడకుండా బయటే నిలబడ్డాడు. చేతిలో డబ్బా చల్లారిపోతోంది. కాసేపటికి తలుపు తెరుచుకుంది.

"వచ్చి ఎంతసేపైంది?"

"దీపం వెలుగుతుంటేను, రికార్డింగేమోనని."

"పుస్తకం లేదని చెప్పానుగా. మీరొస్తున్నారంటే భయమేసి, అలవాటుగా దీపం వేశాను," అని ఆమె దీపం ఆర్పింది, ప్రోగ్రామూ మూసేసింది.

ఎదురెదురుగా కూర్చున్నారు. ఇద్దరూ డబ్బాలు విప్పారు. అంతలో వాయిదాపడ్డ బ్యాకప్ అందుకుని, బల్ల కింద కంప్యూటర్ గుర్రు పెట్టడం మొదలెట్టింది. మనవాడు కంగారుగా లేవబోయాడు.

"ఉండండి, ఆపేస్తాను."

"కూర్చోండి," అంది ఆమె, తన డబ్బా మూతలో అతనికి వడ్డిస్తూ. "పాపం, దాన్నీ పని చేసుకోనివ్వండి."