గడపకి ఇవతలి రక్తం

ఉదయపు పడవ దిగినవాళ్లలో చివరి మనిషి మిగిలింది. రేవులో పరీక్షలు చేసే నూకరత్నం, రక్తం చూసే రక్తదర్శిని పలక తుడిచి కుర్చీ చూపించింది.

"కూచో అమ్మా. వేలు పెట్టు. చీమ కుట్టినట్టుంటాది, అంతే."

ఆ అమ్మాయి కూచోలేదు. పేరు ఝర్ణా. మునిగిపోయిన దీవుల మనిషి, పడవల మీదే పెరిగింది, తెలుగు మన జాలర్ల దగ్గర పట్టుకుంది. కొత్తరేవులో అడుగుపెట్టాలంటే దీవులవాళ్లు ఎవరైనా సరే సుఖవ్యాధుల పరీక్ష దాటాల్సిందే. రేవులో చేతికి తొడిగే కడియం పచ్చబడితే ఊరు, ఎర్రబడితే నీటిశిబిరం. శిబిరంలో తిండి పెడతారు, మందిస్తారు, ఒడ్డు మాత్రం ఎక్కనివ్వరు. ఊళ్లోవాళ్లకి ఈ బాధే లేదు. తీరవాసులు పుట్టుకతోనే నిర్మలవర్గమని చట్టం రాసుకుంది. రోగం కూడా చట్టం చదువుకుని నడుస్తుందని కాబోలు ధీమా.

నూకరత్నం తీరవాసి. ఇప్పుడు అయిదో నెల. ఇంతకుముందు రెండు కాన్పులు ఏడో నెలలోనే పోయాయి. ఎందుకు పోయాయో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు. ఈ ఒక్కటీ నిలబడితే చాలని కనిపించిన దేవుడికల్లా మొక్కేసింది. ఎవరికేం మొక్కిందో ఇప్పుడు తనకే గుర్తులేదు.

"ముందు నువ్వు పెట్టక్కా," అంది ఝర్ణా.

"నేనా? నాకెందుకే?"

"మా పడవల్లో మందిచ్చే మనిషే ముందు మింగుతుంది. అప్పుడే మేం నోరు తెరుస్తాం."

నూకరత్నానికి నవ్వొచ్చింది. "ఏటే నీ పేచీ! సరే, నీ ముచ్చట కాదనడమెందుకు," అంటూ పలక మీద వేలు ఆనించింది. ఆ తర్వాత ఝర్ణా కిక్కురుమనకుండా కూచుని తన వేలూ ఇచ్చింది.

రేవంతటినీ నడిపే యంత్రం పేరు గడప. దాని మాట ఎప్పుడూ పెళ్లిపెద్ద మాటలా మర్యాదగా ఉంటుంది.

"మొదటి నమూనాలో సిఫిలిస్ ఉంది. చాలాకాలంగా దాగి ఉంది. రెండో నమూనా నిర్మలం." వెంటనే పేర్లు సరిచూసింది. "మొదటి నమూనా తీరవాసి పేరున ఉంది. అది అసంభవం. నమూనాలు తారుమారైనట్టు గుర్తించి సరిదిద్దాను."

ఝర్ణా చేతి కడియం ఎర్రబడింది. మందుగూడు తెరుచుకుని పెన్సిలిన్ అంటుబిళ్ల బయటికొచ్చింది, ఝర్ణా పేరు మీద.

తల్లి నెత్తుట్లో ఈ రోగం దాక్కుంటే కడుపులో బిడ్డకి ముప్పని దీవుల ఆడవాళ్లకి రోజూ చెప్పేది నూకరత్నమే. తనకి చెప్పేవాళ్లే లేకపోయారు. పోయిన ఇద్దరూ ఒక్కసారిగా గుర్తొచ్చారు.

అంటుబిళ్ల చేతిలోనే ఉంది. అది తన భుజానికి అంటించుకుంటే బిడ్డ దక్కుతుంది, ఎవరికీ తెలియదు. ఝర్ణా శిబిరానికి పోతుంది, అంతే. నిజం చెబితే వీధి వీధంతా నోళ్లు నొక్కుకుంటుంది, మొగుడు సూరిబాబు మొహం ఎలా ఉంటుందో ఊహకే అందడం లేదు. ఇలాంటి ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది. కానీ వచ్చింది.

"ఎర్రగా అయిందేం అక్కా?" ఝర్ణా కడియం పట్టుకుని లాగింది. "నేనేం తప్పు చేశాను?"

"నువ్వేం చెయ్యలేదే తల్లీ. నీకేం లేదు. నాకుంది." నూకరత్నం యంత్రంవైపు తిరిగింది. "ఏదీ తారుమారు కాలేదు. మొదటి రక్తం నాది. కావాలంటే మళ్లీ తీసుకో." పలక మీద వేలు గట్టిగా నొక్కింది. "ఈ పిల్ల కడియం పచ్చగా మార్చు. ఈ మందు నా పేరున రాయి."

గడప ఆ రక్తాన్నీ చూసుకుంది.

"తీరవాసులకు రోగనమోదు ఖాతా లేదు. ఒక్కరి పేరున తెరిచినా నిర్మలవర్గం రద్దవుతుంది. ఊరంతటికీ పరీక్ష జరపవలసి ఉంటుంది. తెరవమంటారా?"

"తెరువు."

ఝర్ణా కడియం పచ్చబడింది. నూకరత్నం మందు భుజానికి అంటించుకుని, ఆ పిల్ల రెండు చేతులూ తీసుకుని కళ్లకద్దుకుంది. ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు.

"నువ్వు పేచీ పెట్టబట్టి తెలిసిందే. లేకపోతే వీడూ పోయేవాడు. నీ మేలు జన్మలో మర్చిపోను."

ఝర్ణాకి సగమే అర్థమైంది. అయినా ఆ కడుపు మీద చెయ్యి వేసి మెల్లగా నిమిరింది.

"తదుపరి తీరవాసి ఎవరు?" అని అడిగింది గడప.

నూకరత్నం కళ్లు తుడుచుకుని ఫోన్ తీసింది.

"సూరీ, పని వదిలేసి రేవుకి రా. కంగారేం లేదు, మన బిడ్డకి మంచి జరిగింది. నీకూ మందుంది, ఇస్తాను." అవతల ఏదో గట్టిగా అడుగుతున్నాడు. ఆమె నవ్వింది. "అన్నీ వచ్చాక చెబుతాను. చెయ్యి మాత్రం శుభ్రంగా కడుక్కుని రా."