కుడివైపు మాత్రమే

మా ఇంటి ముందుగదే మా అన్నయ్య ఫోటో స్టూడియో. వెనక మేముండే గదులు. మధ్యలో తలుపు లేదు, మందపాటి నీలం పరదా ఉంది. ఫోటోలు తీసేది అన్నయ్య. వాటిని దిద్ది, సర్ది, ఎప్పుడో అడిగినవాళ్ళకు వెతికిచ్చేది నేను. పొగడ్తలు మాత్రం ఆయన ఖాతాలోకే పోతాయి.

అన్నయ్యకి ఒక భయముంది. ఒకసారి ఎవరివో పెళ్ళి ఫోటోలు పోగొట్టి నానా మాటలూ పడ్డాక, తీసిన ప్రతి ఫోటోనూ దొరికిన చోటల్లా కాపీ చేయడం మొదలుపెట్టాడు. పెళ్ళికొడుకు ఒక్కడే అయినా మా కంప్యూటర్లో నాలుగు చోట్ల నవ్వుతుంటాడు. వాళ్ళలో ఒక్కణ్ణి ఉంచి మిగతావాళ్ళను సాగనంపడం నా పని.

ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. మధ్యాహ్నానికే గదిలో దీపం వేసుకోవాల్సి వచ్చింది. అన్నయ్య కెమెరా సంచీ భుజాన వేసుకుని బయల్దేరుతూ, బీరువాలోంచి ఒక పాత డిస్కు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"ఇది టిక్కుటిక్కుమంటోందే. చచ్చేలోపు ఇందులోవి కొత్తదాంట్లోకి లాగెయ్."

"చాలావరకు ఉండే ఉంటాయిగా అందులో?"

"ఉన్నవి వదిలెయ్. లేనివే ఎక్కించు." గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "ఇల్లు అని ఒక ఫోల్డరుంటుంది. దాన్ని మాత్రం... కాస్త చూసుకుని చెయ్."

ఎందుకలా అన్నాడో నాకు తెలుసు. అందులో మా మొదటి వదిన ఉంటుంది. జ్వరమొచ్చి, చూస్తుండగానే చేతుల్లోంచి జారిపోయిన మనిషి. ఆమెకు పంటినొప్పి. ఎప్పుడు చూసినా బుగ్గన లవంగనూనె దూది ఉండేది. ఏ గదిలో ఉందో వాసనే చెప్పేది. నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు, "ఏమే కోతీ" అనేది. పిల్లల కోసం ఆమె పడ్డ తపన నాకు తెలుసు. ఆమె పోయినప్పుడు అన్నయ్య కంటే నేనే ఎక్కువ ఏడ్చాను.

ఇప్పుడున్న వదిన నాకంటే చిన్నది. నేను ఆమెను వదినా అంటాను, ఆమె కూడా నన్ను వదినా అంటుంది, పైగా మీరు అని మర్యాద. మొదట్లో నేను ముభావంగానే ఉన్నాను. పాప పుట్టాక ఆ ముభావం ఎటు పోయిందో తెలియదు. పాప ఇప్పుడిప్పుడే పాకుతోంది. కొత్త మొహం కనిపిస్తే చాలు, ఊపిరి బిగబట్టి, ఎర్రగా కందిపోయి, ఆపైన ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తుంది. వాళ్ళమ్మ తర్వాత నా దగ్గరే ఉంటుంది. ఆ గర్వం నాకు కొంచెం ఎక్కువే.

పరదా వెనక ఊయల గొలుసు కిర్రుమంటోంది. వదిన ఏదో కూనిరాగం తీస్తూ పాపను నిద్రపుచ్చుతోంది. నేను పాత డిస్కును కంప్యూటర్‌కి తగిలించాను.

మేం వాడే ఫైల్ మేనేజర్లో తెర రెండు భాగాలుగా ఉంటుంది. ఎడమవైపు పాత డిస్కు పెట్టాను, కుడివైపు కొత్తది. పోల్చమంటే అది పేర్లు చూసి సరిపెట్టుకోదు, ఫైళ్ళ లోపలి సరుకంతా చూస్తుంది. రెండూ అచ్చంగా ఒకటే అయితే మధ్యలో సమానం గుర్తు పెడుతుంది. ఒకవైపే ఉంటే ఆ సంగతి పక్కన రాస్తుంది. అన్నీ అయ్యాక, కుడివైపును కూడా ఎడమవైపులాగే చేసెయ్యనా అని అడుగుతుంది. ఎడమవైపు లేనివి కుడివైపు నుంచి తీసెయ్యాలంటే కింద ఒక గడిలో టిక్కు పెట్టాలి. పెళ్ళిళ్ళ ఫోల్డర్లలో కుడివైపు అదనంగా ఉన్నదంతా అన్నయ్య కాపీల చెత్తే. అందుకే టిక్కు పెట్టి, ఒక్కో ఫోల్డరుకూ ఎంటర్ కొడుతూ పోయాను.

టిక్... టిక్... డిస్కు తన పని తాను చేసుకుంటోంది. వాన జోరందుకుంది. షట్టరు మీద చినుకుల మోత. గదిలో ఎప్పటి వాసనే, ఫోటో కాగితాలదీ తడి గోడలదీ. దాని అడుగున ఇంకేదో ఘాటు... పట్టించుకోలేదు.

చివరికి "ఇల్లు" మిగిలింది. రెండువైపులా అదే పేరుతో ఉంది. ఎడమవైపు మొదటి వదిన రోజులు, కుడివైపు ఇప్పటివి. వీటిలో ఒక్కటి కూడా కలవదని తెలిసీ ముందు పోల్చి చూద్దామనుకున్నాను. పోల్చమన్నాను.

సమానం. సమానం. సమానం.

తెర నిండా అదే గుర్తు. ప్రోగ్రాముకి మతి పోయిందనుకున్నాను. కుడివైపు ఫోటో ఒకటి తెరిచాను. కిటికీ పక్కన తడి జుట్టు ఆరబెట్టుకుంటున్న మా వదిన. మొన్నీమధ్య నేనే తీశాను. కూరగాయలు తరుగుతూ కోసుకున్న నా వేలు, దానికి చుట్టిన తెల్ల పట్టీ కూడా ఫోటో మూలన పడ్డాయి. దాన్ని చూసి ఇద్దరం నవ్వుకున్నాం.

ఎడమవైపుది తెరిచాను.

అదే కిటికీ. అదే తడి జుట్టు. జుట్టు కింద మొదటి వదిన మొహం. ఆమె పోయి ఏళ్ళయింది. ఫోటో మూలన నా వేలు... దానికి తెల్ల పట్టీ.

ఘాటు వాసన ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది. లవంగనూనె.

మళ్ళీ కుడివైపుది తెరిచాను. ఇందాక మా వదిన ఉన్న చోట మొదటి వదిన ఉంది. నా వైపే చూస్తోంది.

ఎంటర్ కొడితే ఫోటో మూసుకుంటుంది. కొట్టాను, మూసుకుంది. వేలు ఇంకా మీట మీదే ఉంది. మళ్ళీ తగిలింది. ఆ రెండో దెబ్బ ఫోటోకి కాదు, వెనకున్న ప్రశ్నకి పడింది. కుడివైపును ఎడమవైపులా చేసెయ్యనా అన్న ప్రశ్నకి. కింద గడిలో టిక్కు అలాగే ఉంది. నేను పెట్టిందే.

పని ఎంతైందో చూపే పచ్చగీత కదలడం మొదలైంది.

అప్పుడు చూశాను, జాబితా అడుగున సమానం గుర్తు లేనివి కొన్నున్నాయి. పేర్లు నేను పెట్టినవే. పాప మొదటి స్నానం. పాప బోర్లా పడింది. పాప నవ్వు. ప్రతిదాని పక్కనా ఒకటే మాట. కుడివైపు మాత్రమే.

ఎడమవైపు పాప లేదు. ఆ రోజుల్లో ఈ ఇంట్లో పాప లేదు.

"వద్దు..." అన్నాను. ఆపమన్న బటన్ నొక్కాను. ఆగలేదు. మళ్ళీ నొక్కాను. పరదా వెనక కూనిరాగం సాగుతోంది, కానీ గొంతు మారింది. బుగ్గన ఏదో అదిమిపెట్టుకుని పాడుతున్నట్టుంది.

పాప మొదటి స్నానం... పేరు చెరిగిపోయింది. లోపల గొలుసు కిర్రుమనడం ఆగింది.

పాప బోర్లా పడింది... అదీ పోయింది. కూనిరాగం ఆగింది.

ఇంట్లో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక్కో పేరూ కరిగిపోతోంది... పాకిన రోజు... పళ్ళొచ్చిన రోజు...

పాత డిస్కు వైరు పట్టి లాగేశాను.

పచ్చగీత చివరి దాకా వచ్చి నిలబడిపోయింది. కుడివైపు పాపవాటిలో ఒక్క పేరే మిగిలింది. పాప నవ్వు. పాత డిస్కును చేతిలో పట్టుకుని, పరదా తోసుకుని లోపలికి పరిగెత్తాను.

ఊయల కదలడం లేదు. వంగి చూశాను. పాప ఉంది. పక్కకి తిరిగి నిద్రపోతోంది. బొజ్జ మెల్లగా పైకి లేస్తోంది, దిగుతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఊయల కర్ర పట్టుకుని ఏడ్చేశాను. ఎంత పిచ్చిదాన్ని, చెడిపోయిన డిస్కుని చూసి ఇంత హడలిపోయానా అనుకున్నాను.

వంటింట్లోంచి వదిన వచ్చింది. అదే చీర, అదే మొహం, మా వదినే. బుగ్గ మాత్రం కొంచెం ఉబ్బి ఉంది.

"ఏమే కోతీ, ఎందుకా పరుగు?" మెల్లగా అంది.

ఆ పిలుపు గురించి ఈ వదినకి ఎవరూ చెప్పలేదు. నన్ను ఎన్నడూ నువ్వు అనని మనిషి.

"వదినా... పాప..."

ఆమె ఊయల దగ్గరికి వచ్చి వంగింది. లవంగనూనె గుప్పుమంది. చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఎంత బాగుందే," గుసగుసగా అంది. "ఎవరి పిల్ల?"

ఆ మాటకి పాప కదిలింది. కళ్ళు తెరిచి వాళ్ళమ్మ మొహంలోకి చూసింది. ఊపిరి బిగబట్టింది. ఎర్రగా కందిపోయింది. ఇల్లు ఎగిరిపోయేలా ఏడవడం మొదలుపెట్టింది.

పాపను ఒంటిచేత్తో లాక్కుని గుండెకి హత్తుకున్నాను. నా మెడ చుట్టూ చేతులు వేసి, మొహం నా భుజంలో దాచుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ళు దిగాయి.

వదిన చేయి చాచింది. పాప కోసమనుకుని వెనక్కి జరిగాను. ఆమె వేళ్ళు నా రెండో చేతి దగ్గర, డిస్కు మీద ఆగాయి. వైరు నేల మీద జీరాడుతోంది. ఎక్కడా తగిలించి లేదు.

నా అరచేతిలో అది టిక్కుమంది.