ఐదో ఫోను

ఆమె గదిలోకి వచ్చీ రాగానే తన ఫోనును బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది.

"అది మోగితే నేను ఎత్తలేనండీ. మీరే ఎత్తండి," అంది.

డిటెక్టివ్ ఆమెకు కుర్చీ చూపించింది. ఇరవై రెండేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి, ఆ తర్వాత సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టిన మనిషి ఆవిడ. మాట కంటే ముందు గొంతును పట్టుకునే చెవులు. ఆవిడ సహాయకుడు ఆవిడ కంటే పదేళ్లు పెద్దవాడు, రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఆయనకు ఆవిడ తెలివి మీద ఎంత గురి అంటే, ఆవిడ ఊరికే కిటికీలోంచి చూస్తున్నా నోటుబుక్కు తెరిచి కూర్చుంటాడు.

"నిదానంగా చెప్పమ్మా," అందావిడ.

వచ్చినామె రెండు స్కూలు వ్యాన్లు నడుపుతుంది. పిల్లలంతా ఆమెను వ్యానక్క అంటారు. ఒక వ్యాను ఆమె తమ్ముడు తోలతాడు, రెండోది పెద్ద డ్రైవరు. పిల్లల్ని ఎక్కించి దించడానికి ఒక ఆయా ఉంది. వ్యానక్కతో కలిపి నలుగురు, నాలుగు ఫోన్లు.

"ఎవరికి చెయ్యాలో తెలీక తల్లిదండ్రులు గోల పెట్టేవాళ్లండీ. నెల కిందట అందరికీ కలిపి ఒకటే నంబరు పెట్టించాను. సిమ్ము ఉండదు, ఇంటర్నెట్టు మీద నడిచే నంబరు. దానికి ఫోనొస్తే నాలుగు ఫోన్లూ ఒకేసారి మోగుతాయి. ఒకరు ఎత్తగానే మిగతావి ఆగిపోతాయి. మాలో ఎవరు చేసినా అవతలివాళ్లకి ఆ ఒక్క నంబరే కనిపిస్తుంది. హాయిగా ఉందనుకున్నాను." ఆమె కుర్చీ అంచుకి జరిగింది. "నిన్న ఆ నంబరు నుంచే స్కూలు వాచ్‌మన్‌కి ఫోనెళ్లింది. 'వ్యాను టైరు పేలింది, ఒకటో తరగతి పాప కోసం నీలం కారు పంపిస్తున్నాం, ఎక్కించెయ్' అని. మా నంబరే కదా, ఎక్కించేశాడు."

"మీలో ఎవరూ చెయ్యలేదు."

"ఒట్టండీ! మేం వెళ్లేసరికి పాప లేదు. రెండు గంటలు ఎలా గడిచాయో ఆ తల్లికే తెలియాలి. చివరికి ఆమె పనిచేసే టైలరింగు షాపు ముందు పాప నిలబడి ఉంది. వీధి మలుపులో దింపేసి కారు వెళ్లిపోయిందట."

"మరి పోలీసులు?"

"వాచ్‌మన్ విన్నది మగ గొంతు. దాంతో మా తమ్ముణ్ణి తీసుకెళ్లి తెల్లారేదాకా కూర్చోబెట్టారు. రేపు మళ్లీ రమ్మన్నారు." ఆమె బల్ల మీద ఫోను వైపు చూసింది. "ఇప్పుడు అసలు సంగతి. ఇవాళ పొద్దున వాచ్‌మన్‌కి మళ్లీ ఫోనొచ్చింది. అదే నంబరు, అదే గొంతు. రేపు కూడా నీలం కారే వస్తుందట. అనుమానం ఉంటే ఈ నంబరుకే చెయ్యమన్నాడట. మా నంబరుకండీ! నా వాళ్లలో ఎవరో ఇంత పని చేస్తున్నారా? నేనెవర్ని నమ్మాలి?"

డిటెక్టివ్ లేచి చెప్పులేసుకుంది. "రేపటిదాకా ఆగొద్దు. ముందు పాపని చూద్దాం, పదండి మాస్టారూ."

టైలరింగు షాపులో పాప తల్లి మిషను ముందు కూర్చుని ఉంది గానీ కుట్టడం లేదు. ఒక చేత్తో పాప గౌను అంచు పట్టుకుని ఉంది. పాప కదిలితే ఆ చెయ్యి కూడా కదులుతోంది.

"ఇది చూడండి," అని ఆమె పాప మోచేతి మడతలో చిన్న ప్లాస్టరు చూపించింది. "రక్తం తీశారు. డాక్టరు కూడా అదే అన్నారు. పసిపిల్ల రక్తం ఎవరికి కావాలండీ? రేపు మళ్లీ వస్తానన్నాడంటే ఇంకేం తీస్తాడు?"

డిటెక్టివ్ పాప ముందు నేల మీద చతికిలబడింది. "కారు మామయ్య నిన్ను ఏమని పిలిచాడమ్మా?"

"గువ్వా అని."

తల్లి ఉలిక్కిపడింది. "ఇంట్లో నేను పిలిచే పేరది. బళ్లో ఎవరికీ తెలీదు."

"పాప నాన్నగారు?"

తల్లి పాపని దగ్గరికి లాక్కుంది. "విడిపోయి నాలుగేళ్లయింది. కోర్టు చెరో పిల్లని ఇచ్చింది. పెద్దదాన్ని నెలకోసారి నాకు చూపించాలి. రెండు నెలలు చూపించి, ఊరు మారిపోయాడు. తిరగని చోటు లేదండీ. దానికిప్పుడు తొమ్మిదేళ్లు నిండి ఉంటాయి."

అంతలో ఎవరో జాకెట్టు కోసం వచ్చారు. తల్లి అటు తిరగగానే మాస్టారు నోటుబుక్కు, పెన్సిలూ పాపకిచ్చి, "కారు ఎక్కడికెళ్లిందో బొమ్మ వెయ్యి చూద్దాం," అన్నారు. పాప నాలుక బయటపెట్టి శ్రద్ధగా గీసింది. పెద్ద కిటికీ. దాని వెనక మంచం. మంచం మీద టోపీ పెట్టుకున్న అమ్మాయి.

"జడ వెయ్యడం మర్చిపోయావే?" అన్నారు మాస్టారు.

"అక్కకి జుట్టు లేదు. నాకు టాటా చెప్పింది," అంది పాప.

డిటెక్టివ్ ఆ కాగితం మెల్లగా చింపి మడిచి సంచిలో పెట్టుకుంది. తల్లికి చూపించలేదు. బయటికి వచ్చాక మాస్టారితో ఒక్క మాటే అంది. "అతను తల్లికి కాకుండా వాచ్‌మన్‌కి ఎందుకు ఫోను చేశాడో ఆలోచించండి."

వ్యాను ఆఫీసంటే షెడ్డు పక్కన రెండు చిన్న గదులు. తమ్ముడు మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. పెద్ద డ్రైవరు గుడ్డతో చేతులు పదే పదే తుడుచుకుంటున్నాడు. ఆయా కళ్లు ఏడ్చి వాచిపోయాయి.

"నేనే చేశానని రాసుకోండి! ఎలాగూ అందరూ అదే అనుకుంటున్నారుగా," అన్నాడు తమ్ముడు.

"నోర్ముయ్యరా," అంది వ్యానక్క. అతని భుజం మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

"ఈ మధ్య ఫోను మోగడంలో ఏదైనా తేడా కనిపించిందా?" అని అడిగింది డిటెక్టివ్.

ఆయా ముక్కు తుడుచుకుంది. "నిన్నట్నుంచి సగం మోగి ఆగిపోతోందండీ. అక్క ఎత్తిందేమో అనుకున్నా."

"నేనెక్కడ ఎత్తాను? నువ్వు ఎత్తావనుకున్నాను!" అంది వ్యానక్క. మగవాళ్లిద్దరూ కూడా తల అడ్డంగా ఊపారు.

"ఏ ఫోను నుంచి ఎవరికి వెళ్లిందో ఆ కంపెనీ పేజీలో ఉండాలే?"

"దాని పాస్‌వర్డు నా దగ్గర లేదండీ. నంబరు పెట్టిన ఫోన్ల షాపతన్ని నిన్ననే అడిగాను. పేజీ తెరుచుకోవడం లేదు, రెండ్రోజుల్లో చూస్తానన్నాడు. మంచివాడండీ, తనంతట తనే వచ్చి పెట్టి వెళ్లాడు."

డిటెక్టివ్ నాలుగు ఫోన్లూ తెప్పించి, ఒక్కొక్కటీ స్విచాఫ్ చేసి వరసగా పెట్టింది. "మాస్టారూ, మీ ఫోను నుంచి ఆ నంబరుకి చెయ్యండి. స్పీకరు పెట్టండి. మీరేం మాట్లాడొద్దు."

నాలుగూ ఆగిపోయి ఉన్నాయి. ఎవరూ అందుబాటులో లేరన్న మాటే రావాలి. కానీ రింగయింది. వ్యానక్క తమ్ముడి చొక్కా పట్టుకుంది. మళ్లీ రింగయింది. ఆ తర్వాత ఎవరో ఎత్తారు.

"హలో, వ్యాన్ సర్వీసండీ," అందొక మగ గొంతు.

రెండుసార్లు హలో అని ఆ గొంతు ఆగిపోయింది. ఆయా కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎవరండీ అది? మా పేరు చెబుతున్నాడు!" అంది వ్యానక్క.

"గొంతు వెనకాల ఏం వినబడింది మాస్టారూ?"

"ఏదో గోల..."

"'నలభై ఒకటో టోకెన్, రక్త పరీక్షల గదికి' అని మైకులో పిలిచారు. అతను ఆసుపత్రిలో ఉన్నాడు." ఆవిడ వ్యానక్క వైపు తిరిగింది. "ఆ ఫోన్ల షాపతన్ని పిలువమ్మా. నాలుగు ఫోన్లూ మోగడం లేదు, వెంటనే రమ్మను. పరుగెత్తుకుంటూ వస్తాడు. రేపటిదాకా ఈ నంబరు పనిచెయ్యడం అతనికి చాలా అవసరం."

నాలుగున్నరకి అతను వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, మాసిన గడ్డం, భుజాన సంచి. అప్పటికి పాప తల్లిని పిలిపించి లోపలి గదిలో కూర్చోబెట్టారు. పాప టైలరింగు షాపు యజమానురాలి దగ్గర ఉంది. గుమ్మం పక్కన వాచ్‌మన్ కూడా ఉన్నాడు.

"ఏమైందండీ ఫోన్లకి?" అన్నాడు అతను.

డిటెక్టివ్ తల ఊపింది. మాస్టారు నంబరు నొక్కారు. బల్ల మీద నాలుగు ఫోన్లూ చీకటిగానే ఉన్నాయి. అతని సంచి మాత్రం జుయ్‌మని వణకడం మొదలుపెట్టింది.

అతను సంచిని రెండు చేతులతో నొక్కిపట్టాడు, కానీ శబ్దం ఆగలేదు.

"ఒక నంబరుని నాలుగు ఫోన్లకి కట్టగలిగినవాడు ఐదో ఫోనుకీ కట్టగలడు," అంది డిటెక్టివ్. "నంబరు పెట్టింది మీరు, పాస్‌వర్డు మీ దగ్గరే ఉంది. అడిగితే పేజీ తెరుచుకోవడం లేదన్నారు. వాచ్‌మన్ అనుమానంతో తిరిగి ఫోను చేస్తాడేమోనని వచ్చే ప్రతి ఫోనూ ముందుగా ఎత్తుతున్నారు. అందుకే వీళ్ల ఫోన్లు సగం మోగి ఆగిపోతున్నాయి. ఈ తమ్ముడు చెయ్యని తప్పుకి రాత్రంతా స్టేషన్లో కూర్చున్నాడు."

"నేనెందుకు చేస్తానండీ? ఆ పాప నాకేమవుతుంది?"

"అదే నేనూ అడుగుతున్నాను. ఈ పని తల్లికి ఫోను చేసి 'కారు పంపుతున్నాం' అంటే ఇంకా తేలిగ్గా అయ్యేది. అలా చెయ్యలేదంటే, ఆమె మీ గొంతు గుర్తుపడుతుందని భయం. ఇంటి పేరుతో పాపని పిలిచారు. క్షేమంగా తల్లి షాపు దగ్గరే దింపారు. అపకారం చెయ్యాలని వచ్చినవాడు కాదు." ఆవిడ సంచిలోంచి మడిచిన కాగితం తీసి అతని ముందు పెట్టింది. "అద్దం వెనక ఉన్న ఈ అమ్మాయి కోసం వచ్చినవాడు."

అతను బొమ్మ వైపు చూశాడు. టోపీ, మంచం, ఊపుతున్న చెయ్యి. గోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయాడు.

"దాని ఎముకల్లో మూలుగ మార్చాలన్నారు. తోబుట్టువుది కలిస్తేనే బతికే అవకాశం ఎక్కువన్నారు. నిన్నటి పరీక్షలో కలిసిందట. ఖాయం చేసుకోవడానికి ఇంకో పరీక్ష చెయ్యాలన్నారు, అందుకే రేపు..." అతను మొహం కప్పుకున్నాడు. "పుట్టిన కాగితాలు నా దగ్గరున్నాయి, తండ్రినే కదా అని ఎవరూ అడగలేదు."

"తల్లిని అడగొచ్చుగా!" అంది వ్యానక్క.

"ఏ మొహం పెట్టుకుని అడగను? కోర్టు మాట కాదని పిల్లని ఎత్తుకుపోయినవాణ్ణి. తెలిస్తే దాన్ని కూడా నా దగ్గర్నుంచి..."

లోపలి గది తలుపు తెరుచుకుంది. పాప తల్లి గుమ్మంలో నిలబడింది. ఆమెకు అతని మొదటి మాటతోనే గొంతు తెలిసిపోయిందని ఆ మొహం చూస్తే అర్థమవుతోంది. మిగతాదంతా నిలబడే విన్నది.

"ఎన్నాళ్లుగా?" అందామె.

"ఎనిమిది నెలలు."

"ఎనిమిది నెలలుగా నా బిడ్డ మంచం మీద ఉంటే, నువ్వు ఫోన్లు కట్టుకుంటూ నా చుట్టూ తిరుగుతున్నావా?" ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నయమనిపించింది మాస్టారికి. "నిన్న రెండు గంటలు నేను చచ్చి బతికాను. నీ సంగతి పోలీసులూ కోర్టూ చూసుకుంటారు, నేను వదిలిపెట్టను. ముందు లే. అది ఎక్కడుందో చూపించు."

పోలీసులకి ఫోను వెళ్లింది. ఇన్‌స్పెక్టరు స్టేషనుకు తీసుకెళ్తానన్నా, డిటెక్టివ్ ఆయన్ని ఆసుపత్రి దారినే రమ్మని ఒప్పించింది. వ్యానక్క తమ్ముడు, తనను రాత్రంతా కూర్చోబెట్టిన ఆ ఇన్‌స్పెక్టర్నీ, పాప తండ్రినీ, తల్లినీ ఒకే వ్యానులో ఎక్కించుకుని తోలాడు.

మూడో అంతస్తులో ఆ పొడవాటి వరండా చివర అద్దాల గది ఉంది. తండ్రి దూరంగానే ఆగిపోయాడు. డిటెక్టివ్, మాస్టారు బెంచీ దగ్గర నిలబడ్డారు. తల్లి ఒక్కతే నడుచుకుంటూ వెళ్లింది. తలుపు దగ్గర నర్సు చెయ్యి అడ్డం పెట్టి, రిజిస్టరు ముందుకు జరిపింది.

"ఇంటివాళ్లని తప్ప పంపమండీ. పేషెంటుకి మీరేమవుతారు?"

ఆమె పెన్ను తీసుకుంది. రిజిస్టరులో పేరు రాసి సంతకం పెట్టింది.

"అమ్మని," అంది.