ఏడో ద్వారం మీద మూడు సంతకాలు

చంద్రుడి మీది వెన్నెలపాడులో గాలిగుమ్మటం దాటి గనికి వెళ్లేవాళ్లు, ద్వారం మీద మూడు సంతకాలు చూసుకునిగాని అడుగు బయట పెట్టరు. అలా చూసుకునే వెళ్లారు సోమవారం పొద్దుటి షిఫ్టువాళ్లు. గాలి పోకుండా ఏడో ద్వారానికి వేసిన సీలు చిరిగి పంతొమ్మిది మంది చచ్చిపోయారు.

విచారణ జరిపే బాధ్యత భద్రతాధికారి ఇంద్రాణి మీద పడింది. మూడో సంతకం ఆమెదే. చూసే పెట్టానని ఆమెకు గట్టి నమ్మకం.

ఆ ద్వారాలకు రూపం ఇచ్చింది ‘నిలకడ’. ఏ వస్తువు ఎన్నాళ్లు మన్నుతుందో, ఎంత చవకగా ఎంత గట్టిగా కట్టవచ్చో సంభావ్యత లెక్కలతో తేల్చే యంత్రం. భూమి నుంచి మందపాటి సీళ్లు మోసుకురానక్కర్లేదు, పల్చటివి వేసి రోజూ ముగ్గురి చేత పరీక్ష చేయించండి అంది. ఒక మనిషి నూటికి ఒకసారి పొరబడతాడు. ముగ్గురూ ఒకేసారి పొరబడడం పది లక్షలకు ఒకసారి.

ఇంద్రాణి ముందుగా మొదటి తనిఖీదారు కోటయ్యను పిలిపించింది.

“సగమే చూశానమ్మా,” అన్నాడతను తల వంచుకుని. “నా ఎనకాల ఇంకా ఇద్దరు చూస్తారు గదా అనుకున్నా.”

రెండో తనిఖీదారు ఫకృద్దీన్ దాచలేదు. “కోటయ్య సంతకం ఉంది మేడమ్. ఆయన చూశాక ఇంకేముంటుందిలే అనుకున్నాను.”

ఆమె గదిలోకి వచ్చి తలుపు వేసుకుంది. “నీ లెక్క ఎక్కడ తప్పింది?” అని నిలకడను అడిగింది.

“లెక్క తప్పలేదు. ముగ్గురూ ఎవరికి వారే చూస్తారనుకున్నాను. అది తప్పింది,” అంది నిలకడ. తెర మీద కెమెరా దృశ్యం వేసింది. అందులో ఇంద్రాణి ఫోన్లో మాట్లాడుతూ ఏడో ద్వారం దగ్గరికి వచ్చింది. రెండు సంతకాలు చూసింది, మూడోది పెట్టింది. సీలు వంక కన్నెత్తి చూడలేదు.

ఆమె తెర ఆపేసింది. “దీన్ని చెరిపెయ్.”

“ముగ్గురు అధికారుల ఆమోదం కావాలి.”

తన ఆమోదం నొక్కి, మిగతా ఇద్దరికీ పంపింది. ఎందుకని అడుగుతారేమోనని భయపడింది. అడిగితే బాగుండునని కూడా అనిపించింది. నిమిషం తిరక్కుండా రెండు ఆమోదాలూ వచ్చేశాయి.

“చెరిపేశాను,” అంది నిలకడ. “ఎనిమిదో ద్వారం దగ్గర షిఫ్టు మీ సంతకం కోసం ఆగి ఉంది.”

ఇంద్రాణి లేవబోయింది. అప్పటికే రెండు సంతకాలు ఉండడం చూసి ఆగిపోయింది. కూర్చున్న చోటే తెర మీద సంతకం పెట్టింది.